హెచ్‌బీ ఏడున్నర: రక్తం ఎక్కించాలా, ఆగాలా?

గుండె ఆపరేషన్ అయిన మొదటి రాత్రి ఐసీయూలో మేం తీసుకునే నిర్ణయాల్లో, బయటివాళ్ళకి అన్నిటికంటే తేలికగా కనిపించేది రక్తం ఎక్కించడం. హెచ్‌బీ (హిమోగ్లోబిన్, డెసిలీటరు రక్తంలో ఎన్ని గ్రాములుందో చెప్పే అంకె) తగ్గింది, బ్లడ్ బ్యాంక్‌లో బ్యాగు ఉంది, ఎక్కించేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. నేను కార్డియాక్ అనస్థీషియా చదువుకుని, ఆ తర్వాత ఈ ఐసీయూలోనే స్థిరపడ్డాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను పేషెంట్ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబెట్టే నిర్ణయం ఇదే. ఎందుకో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కొత్తగా ఐసీయూ డ్యూటీల్లోకి వచ్చిన జూనియర్ల కోసమూ, బయట బెంచీల మీద రాత్రంతా కూర్చునే కుటుంబాల కోసమూ.

ముందు ఆ అంకె ఎందుకు తగ్గుతుందో చెప్పాలి. గుండెని ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు రక్తాన్ని హార్ట్-లంగ్ మెషీన్ తిప్పుతుంది. ఆ మెషీన్ గొట్టాలని ఖాళీగా కలపలేం. గాలి లేకుండా ముందే ద్రవంతో నింపాలి. అది మామూలుగా ఒక లీటరు నుంచి లీటరున్నర దాకా ఉంటుంది. మెషీన్ మొదలవగానే ఆ ద్రవమంతా పేషెంట్ రక్తంలో కలిసిపోతుంది. ఒక్క చుక్క రక్తం కారకుండానే హెచ్‌బీ పడిపోతుంది. మనిషి ఎంత చిన్నగా ఉంటే అంత ఎక్కువ పడుతుంది. సన్నగా ఉండే ఆడవాళ్ళకి, అందులోనూ ముందునుంచే రక్తహీనత ఉన్నవాళ్ళకి మగవాళ్ళ కంటే ఎక్కువసార్లు రక్తం ఎక్కించాల్సి రావడానికి ఇదొక పెద్ద కారణం. ఆ తర్వాత ఐసీయూలో బీపీ నిలబెట్టడానికి మేం ఇంకొంత సెలైన్ ఇస్తాం. అంటే మొదటి రాత్రి మనం చూసే అంకెలో కొంత నిజంగా పోయిన రక్తం, కొంత కేవలం నీరు. ఆ నీరు రాత్రంతా యూరిన్‌లో బయటికి పోతుంది. తెల్లవారేసరికి ఏమీ ఎక్కించకుండానే అంకె కాస్త పైకి లేవడం మేం తరచుగా చూస్తాం.

ఒక పెద్దావిడ విషయం చెప్తాను. డెబ్బై దాటాయి, బక్కపల్చటి మనిషి. మూడు నాళాలకి బైపాస్ జరిగింది. ఆపరేషన్‌కి ముందు హెచ్‌బీ 10.8. అర్ధరాత్రి దాటాక జూనియర్ డాక్టర్ ఫోన్ చేసింది. "మేడమ్, గ్యాస్‌లో హెచ్‌బీ 7.4 వచ్చింది. ఒక బ్యాగు తెప్పించమంటారా?" గ్యాస్ అంటే ఏబీజీ మెషీన్, రక్తంలోని ఆక్సిజన్ లాంటి వాయువులని కొలిచేది. ఆ అమ్మాయి చేసింది తప్పేం కాదు. ఏడున్నర కంటే తగ్గితే చెప్పమని చార్టులో రాసింది నేనే. నేను మంచం దగ్గరికి వెళ్ళి డ్రెయిన్ (ఛాతీలో కారిన రక్తాన్ని బయటికి తెచ్చే గొట్టం) చూశాను. గంటకి 40 మి.లీ. దాకా వస్తోంది, అదీ తగ్గుతోంది. లాక్టేట్ (కణాలకి ఆక్సిజన్ చాలకపోతే రక్తంలో పెరిగే పదార్థం) సాయంత్రం 3 ఉంటే ఇప్పుడు 2కి దిగింది. యూరిన్ బాగా వస్తోంది. బీపీ పడిపోకుండా నిలబెట్టే మందుని నెమ్మదిగా తగ్గిస్తూ వస్తున్నారు. మెడ దగ్గర లైన్ నుంచి తీసిన సిరల రక్తంలో, అంటే శరీరం వాడుకోగా తిరిగొచ్చిన రక్తంలో, ఆక్సిజన్ శాతం 68. ఆవిడ కాళ్ళు వెచ్చగా ఉన్నాయి.

ఇంకొక సంగతి ఉంది. కొన్ని ఏబీజీ మెషీన్లు హిమోగ్లోబిన్‌ని నేరుగా కొలవవు. రక్తంలో కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో చూసి ఎర్ర కణాల శాతం లెక్కగడతాయి. హార్ట్-లంగ్ మెషీన్ మీద రక్తం పల్చబడినప్పుడు ప్రోటీన్లు కూడా తగ్గుతాయి కాబట్టి ఆ లెక్క అసలుకంటే తక్కువ చూపిస్తుంది. శాంపిల్ తీసేటప్పుడు లైన్‌లో ఉన్న సెలైన్‌ని పూర్తిగా తీసేయకపోయినా అంతే. కాబట్టి ల్యాబ్‌కి పంపించాం. 7.9 వచ్చింది. బ్యాగు తెప్పించలేదు. పొద్దున 8.2. ఆవిడ వెంటిలేటర్ తీసేసి కుర్చీలో కూర్చోబెట్టేసరికి ఇంకో జూనియర్ డ్యూటీకి వచ్చాడు, ఆయనకి ఇదంతా మళ్ళీ చెప్పాను.

అదే వారంలో ఇంకొకాయన. మైట్రల్ వాల్వ్ మార్చారు. గుండె ముందునుంచీ బలహీనం. హెచ్‌బీ 8.3. అంకె మాత్రమే చూస్తే ఈయనకి అక్కర్లేదు అనిపిస్తుంది. కానీ లాక్టేట్ ఎక్కుతోంది, సిరల రక్తంలో ఆక్సిజన్ 52కి పడింది, యూరిన్ తగ్గింది. డ్రెయిన్లు ప్రశాంతంగా ఉన్నాయి. డ్రెయిన్ ప్రశాంతంగా ఉందంటే ఒక్కోసారి గడ్డకట్టి మూసుకుపోయిందని కూడా అర్థం. అందుకని ముందు ఎకో చేశాం. గుండె చుట్టూ రక్తం పేరుకోలేదు. గుండె కండరం సరిగ్గా పిండటం లేదు. గుండెకి బలమిచ్చే మందు పెంచాం, వణుకు తగ్గించాం, కొంచెం మెరుగైంది కానీ చాల్లేదు. అప్పుడు ఒక్క బ్యాగు ఇచ్చాం. ఆక్సిజన్ శాతం 60 దాటింది, లాక్టేట్ దిగడం మొదలైంది. రెండో బ్యాగు ఇవ్వలేదు.

7.9 ఉన్నావిడకి ఇవ్వకుండా 8.3 ఉన్నాయనకి ఎందుకిచ్చామో ఒక చిన్న లెక్క చెప్తే తెలుస్తుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. హెచ్‌బీ 7.5 అంటే లీటరు రక్తంలో 75 గ్రాములు, అంటే దాదాపు 100 మి.లీ. ఆక్సిజన్. గుండె నిమిషానికి 5 లీటర్లు పంపుతుంటే శరీరానికి 500 మి.లీ. అందుతుంది. కదలకుండా పడుకున్న మనిషి శరీరం నిమిషానికి వాడుకునేది సుమారు 250 మి.లీ. ఇంకా సగం మిగులుతుంది. అదే గుండె 3 లీటర్లే పంపుతుంటే అందేది 300. ఇక మిగులేముంది? పైగా ఆపరేషన్ తర్వాత ఒళ్ళు వేడెక్కేటప్పుడు వణుకు వస్తే ఆక్సిజన్ వాడకం రెట్టింపు దాకా పోగలదు. అలాంటప్పుడు రక్తం కంటే ముందు వణుకు ఆపాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

గుండె కండరం సంగతి ఇంకా సున్నితం. మిగతా అవయవాలు తమకి అందిన ఆక్సిజన్‌లో కొంతే వాడుకుంటాయి, అవసరమైతే ఎక్కువ లాక్కుంటాయి. గుండె మామూలు సమయంలోనే తనకి వచ్చిన దాంట్లో 60-70 శాతం లాగేసుకుంటుంది. దానికి ఇంకా కావాలంటే రక్త ప్రవాహమే పెరగాలి. కాబట్టి బైపాస్ పూర్తిగా కుదిరిందా, లేక ఏదైనా నాళం చిన్నదని వదిలేశారా అన్నది నేను ఆపరేషన్ నోట్‌లో వెతికి చూస్తాను. నాళం వదిలేసిన మనిషికి, ఈసీజీలో మార్పులు కనిపించిన మనిషికి నేను 7.5 దాకా ఆగను. 2023లో వచ్చిన మింట్ అనే ట్రయల్ (పేషెంట్లని గుంపులుగా విడదీసి పోల్చే పరిశోధన) గుండెపోటు వచ్చి రక్తహీనత కూడా ఉన్న 3,504 మంది మీద జరిగింది. హెచ్‌బీని 10కి పైన ఉంచినవాళ్ళలో మళ్ళీ గుండెపోటు గానీ మరణం గానీ 14.5 శాతం, 7-8 దాకా ఆగినవాళ్ళలో 16.9 శాతం. లెక్కల ప్రకారం ఆ తేడా ఖాయమని తేలలేదు. కానీ ఆక్సిజన్ అందక ఇబ్బంది పడుతున్న గుండె విషయంలో అది నన్ను జాగ్రత్తగా ఉండమనే చెప్తుంది.

ఈ ఏడున్నర ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలియాలి. మా గురువుల తరంలో గీత 10 దగ్గర ఉండేది. 1942లో ఆడమ్స్, లండీ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు, ఒంట్లో సత్తువ లేని పేషెంట్లకి హెచ్‌బీ 8-10 కంటే తక్కువుంటే ఆపరేషన్‌కి ముందు రక్తం ఇవ్వడం మంచిదని రాశారు. అది వాళ్ళ అనుభవం, ట్రయల్ కాదు. కానీ దశాబ్దాలపాటు 10 అన్నది నియమంలా నడిచింది. 1999లో కెనడా ఐసీయూల్లో 838 మందితో జరిగిన ట్రయల్ దాన్ని కదిలించింది. 7 దాకా ఆగినా మరణాలు పెరగలేదు. అయితే అందులో మామూలు గుండె ఆపరేషన్ అయి ఐసీయూకి వచ్చినవాళ్ళని చేర్చలేదు. కాబట్టి మా వార్డులో ఆ ఫలితం పెట్టి వాదించడం కుదిరేది కాదు.

మా పేషెంట్ల మీద మొదటి గట్టి జవాబు 2010లో బ్రెజిల్‌లోని సావో పాలో నుంచి వచ్చింది. ట్రాక్స్ అనే ఆ ట్రయల్‌లో 502 మంది ఉన్నారు. ఎర్ర కణాల శాతం 30 (హెచ్‌బీ సుమారు 10) దగ్గర నిలబెట్టిన గుంపులో 78 శాతం మందికి రక్తం ఎక్కించారు, 24 (హెచ్‌బీ సుమారు 8) దాకా ఆగిన గుంపులో 47 శాతానికి. మరణాలు, పెద్ద సమస్యలు కలిపి చూస్తే 10 శాతం, 11 శాతం. అంటే దాదాపు సమానం.

2015లో బ్రిటన్ నుంచి టైటర్-2 వచ్చింది. రెండు వేల మందికి పైగా, 17 ఆసుపత్రులు. 9 దగ్గర ఇవ్వాలా, 7.5 దగ్గర ఇవ్వాలా అని పోల్చారు. మూడు నెలల్లో ఇన్ఫెక్షన్లు, గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం లాంటివి కలిపి చూస్తే పెద్ద తేడా లేదు. కానీ మరణాలు విడిగా చూస్తే, ఆగిన గుంపులో 4.2 శాతం, ధారాళంగా ఇచ్చిన గుంపులో 2.6 శాతం. ఆ పేపర్ వచ్చిన రోజుల్లో మా యూనిట్‌లో చాలా టెన్షన్ ఉండేది. మరణాలు ఆ ట్రయల్ అడిగిన ప్రధాన ప్రశ్న కాదు, అదృష్టం వల్ల వచ్చిన తేడా కూడా కావచ్చు. అయినా మరణాల అంకెని పక్కన పెట్టి ముందుకు వెళ్ళడం ఎవరికి సాధ్యం? మళ్ళీ 9కి వెళ్ళిపోయిన డాక్టర్లు నాకు తెలుసు. వాళ్ళని నేను తప్పు పట్టను.

ఆ సందేహాన్ని తీర్చింది 2017లో వచ్చిన ట్రిక్స్-3. 19 దేశాలు, 73 ఆసుపత్రులు, ఐదు వేల మందికి పైగా. రిస్క్ ఓ మోస్తరు నుంచి ఎక్కువ ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. ఒక గుంపుకి 7.5 కంటే తగ్గితేనే రక్తం. ఇంకో గుంపుకి ఆపరేషన్ థియేటర్‌లో, ఐసీయూలో 9.5 కంటే తగ్గితే, వార్డులో 8.5 కంటే తగ్గితే. మరణం, గుండెపోటు, పక్షవాతం, కొత్తగా డయాలిసిస్ అవసరం కావడం, వీటన్నిటినీ కలిపి చూస్తే ఆగినవాళ్ళలో 11.4 శాతం, ధారాళంగా ఇచ్చినవాళ్ళలో 12.5 శాతం. మరణాలు 3.0, 3.6. ఆరు నెలల తర్వాత చూసినా ఆగడం వల్ల నష్టం కనిపించలేదు. గుండె ఆపరేషన్‌కి 7.5 అని ఇప్పటి మార్గదర్శకాలు చెప్పడానికి ముఖ్య ఆధారం ఇదే.

అందులో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే విషయం ఒకటుంది. పెద్దవాళ్ళకి ఎక్కువ రక్తం కావాలని మనందరి నమ్మకం. కానీ ట్రిక్స్-3లో 75 దాటినవాళ్ళని విడిగా చూస్తే, ఆగినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. అవే సమస్యలు ఆగినవాళ్ళలో 10.2 శాతం, ధారాళంగా ఇచ్చినవాళ్ళలో 14.1 శాతం. ఒక ట్రయల్‌లోని ఒక భాగాన్ని పట్టుకుని నియమం చేయకూడదు, నిజమే. పెద్దవాళ్ళ గుండె గట్టిపడి ఉంటుంది, అదనపు ద్రవాన్ని తట్టుకోలేదు, అందువల్ల కావచ్చని నేను అనుకుంటాను. మరి చిన్న వయసు వాళ్ళ సంగతేంటి అన్న ప్రశ్న అక్కడినుంచే పుట్టింది. ట్రిక్స్-4ని 65 ఏళ్ళ లోపు వాళ్ళ కోసమే మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా రక్తం కారడం ఆగి, కుదురుగా ఉన్న మనిషి గురించి. కారుతున్న మనిషికి ఈ అంకెలు వర్తించవు. డ్రెయిన్‌లో గంటకి 200 మి.లీ. చొప్పున వరసగా వస్తుంటే హెచ్‌బీ 9 ఉన్నా నేను దాన్ని నమ్మను. కారిన క్షణాన మిగిలిన రక్తం చిక్కదనం మారదు. అంకె తర్వాత మెల్లగా పడుతుంది. అప్పుడు ముందు సర్జన్‌కి ఫోన్ వెళ్ళాలి, ఆ వెంటనే బ్లడ్ బ్యాంక్‌కి. ఒళ్ళు చల్లగా ఉందా, కాల్షియం తగ్గిందా, ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్ ప్రభావం ఇంకా మిగిలి ఉందా, ప్లేట్‌లెట్లు పనిచేస్తున్నాయా అని చూడాలి. ఏది లోపించిందో తెలుసుకుని అదే ఇవ్వాలి. ఎర్ర కణాలు గడ్డకట్టే లోపాన్ని సరిచేయవు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా కారుతోందంటే ఎక్కడో ఒక నాళం కారుతోంది. దానికి మందు లేదు, మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సిందే. ఆ నిర్ణయం ఆలస్యం చేసి బ్యాగుల మీద బ్యాగులు ఎక్కించడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

కుదురుగా ఉన్న మనిషికి ఇవ్వాలనుకున్నా, ఒక్కసారి ఒక్కటే. రెండు బ్యాగులు ఆర్డర్ చేయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఒక బ్యాగు పెద్దవాళ్ళలో హెచ్‌బీని సుమారు 1 గ్రాము పెంచుతుంది. చాలాసార్లు అది చాలు. ఒకటి పూర్తయ్యాక మళ్ళీ మంచం దగ్గరికి వెళ్ళి, మళ్ళీ పరీక్ష చేసి, అప్పుడు రెండోదాని గురించి ఆలోచించాలి. ఎందుకింత పట్టింపు అంటే, బ్యాగులో ఉన్నది ఇంకో మనిషి జీవకణాలు. ద్రవం ఎక్కువై ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. అరుదుగా, ఎక్కించిన ఆరు గంటల లోపు ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. తప్పు గ్రూపు రక్తం ఎక్కితే ప్రాణమే పోవచ్చు. అందుకే పేరు, నంబరు ఇద్దరు కలిసి చూసే నియమాన్ని ఎంత హడావిడిలోనైనా వదలకూడదు. నిల్వ రక్తం పాతదైతే ప్రమాదమేమో అని కూడా చాలాకాలం భయపడ్డాం. ఎర్ర కణాలని 42 రోజుల దాకా ఉంచవచ్చు. గుండె ఆపరేషన్ల మీదే జరిగిన రిసెస్ ట్రయల్ 2015లో 10 రోజుల లోపు రక్తాన్ని, 21 రోజులు దాటిన రక్తాన్ని పోల్చి తేడా లేదని చూపించింది. కాబట్టి తాజా రక్తమే కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు.

కుటుంబాలతో మాట్లాడటం ఇందులో కష్టమైన భాగం. ఆ పెద్దావిడ కొడుకు పొద్దున్నే నన్ను అడిగాడు. "డాక్టర్ గారూ, రక్తం ఇవ్వడానికి మావాళ్ళు ముగ్గురు రెడీగా ఉన్నారు. అమ్మకి ఎనిమిదే ఉందంట కదా, ఎందుకు ఎక్కించలేదు?" ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. వాళ్ళమ్మ కోసం ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం ఉంది. నేను అంకెలు చెప్పలేదు. అమ్మ శరీరానికి ఆక్సిజన్ అందుతోందని మాకు ఏయే గుర్తుల వల్ల తెలుస్తోందో చెప్పాను. ఇవ్వకపోవడం నిర్లక్ష్యం కాదని, ప్రతి గంటా చూస్తున్నామని, అవసరమైన నిమిషంలో బ్యాగు సిద్ధంగా ఉందని చెప్పాను. ఈ నాలుగు మాటలు ఎవరూ చెప్పకపోతే, చేయని వైద్యం చేతకాని వైద్యంలా కనిపిస్తుంది. జూనియర్లని నేను కోరేది ఇదే: ఎక్కించకూడదని నిర్ణయించినప్పుడు కూడా ఫైల్లో కారణం రాయండి, బయటికి వెళ్ళి చెప్పండి.

నిజానికి ఈ నిర్ణయం చాలావరకు ఆపరేషన్‌కి ముందే జరగాలి. వాయిదా వేయగలిగిన ఆపరేషన్ అయితే రక్తహీనత ఎందుకుందో కనుక్కుని, ఐరన్ లోపం ఉంటే సరిచేసి రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ లాంటి మందుని డాక్టర్ చెప్పిన ప్రకారం ముందే ఆపాలి, సొంతంగా మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. థియేటర్‌లో రక్తం కారడాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తారు. దాని మీద 2017లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో రక్తం కారి మళ్ళీ థియేటర్‌కి వెళ్ళాల్సి రావడం 2.8 శాతం నుంచి 1.4 శాతానికి తగ్గింది. ఫిట్స్ కొంచెం పెరిగాయి కాబట్టి డోసు జాగ్రత్తగా చూసుకోవాలి. కారిన రక్తాన్ని శుభ్రం చేసి ఆ మనిషికే తిరిగి ఇచ్చే సెల్ సేవర్ ఉంది. ఐసీయూలో మేం చేయగలిగింది ఇంకా చిన్నది: పరీక్షల కోసం తీసే రక్తాన్ని తగ్గించడం. పిల్లలకి వాడే చిన్న ట్యూబులు పెద్దవాళ్ళకి కూడా సరిపోతాయి. రోజుకి ఎన్నిసార్లు రక్తం తీస్తున్నామో లెక్కపెట్టి చూస్తే ఏ డాక్టరైనా ఆగి ఆలోచిస్తారు.

ఎక్కించకుండా ఆగినవాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు హెచ్‌బీ ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం, త్వరగా అలసట సహజం, కొన్ని వారాలు పడుతుంది. ఆపరేషన్ తర్వాత ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు ప్రతిచర్య) ఉన్నన్నాళ్ళు కడుపులోకి వేసుకున్న ఐరన్ మాత్ర సరిగ్గా ఒంటపట్టదు. లోపం ఎక్కువున్నవాళ్ళకి నరం ద్వారా ఐరన్ ఇవ్వాలా అని డిశ్చార్జ్‌కి ముందే చూడాలి. అందుకే వెళ్ళేనాటి హెచ్‌బీ ఎంతో, మళ్ళీ ఎప్పుడు పరీక్ష చేయించాలో కాగితం మీద రాయిస్తాను. ఆయాసం రోజురోజుకీ పెరుగుతుంటే, ఛాతీలో నొప్పి వస్తే, మలం నల్లగా వస్తే ఆ తేదీ దాకా ఆగకుండా వెంటనే రమ్మని కూడా అదే కాగితంలో ఉంటుంది.